ఇల్లు మీదే, వీధి ముఖం ఎవరిది?

అమెరికాలోని పాత పట్టణాల్లో నడుస్తుంటే కొన్ని ఇళ్ల గుమ్మం పక్కన కంచు పలక కనిపిస్తుంది. ఇల్లు ఫలానా ఏడాది కట్టారని, జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లో దీనికి చోటు దక్కిందని దాని మీద రాసి ఉంటుంది. చూసినవాళ్లు ఇక ఈ ఇంటి జోలికి ఎవరూ రాలేరనుకుంటారు. దేశ ప్రభుత్వమే గుర్తించాక ఇంకేం కావాలి! కానీ ఆ ఇంటి యజమాని రేపు పొద్దున బుల్డోజరు పిలిపించి దాన్ని నేలమట్టం చేయిస్తే ఆ పలక అడ్డు రాదు. ఆ పనిలో ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము, అనుమతి లాంటివి ఏవీ లేనంతవరకు జాతీయ రిజిస్టర్ సొంతదారును కట్టడి చేయదు.

అదే వీధిలో నాలుగిళ్ల అవతల మరో ఇల్లు ఉందనుకోండి. దానికి పలకా లేదు, పేరూ లేదు. అయినా ఆ ఇంటివాళ్లు వీధి వైపు కిటికీలు మార్చాలంటే దరఖాస్తు పెట్టుకుని, ఫొటోలు, కొలతలు పట్టుకుని, పాత కట్టడాల రూపును కాపాడే ఊరి కమిషన్ ముందు నిలబడాలి. ఆ కమిషన్‌లో ఉండేది పెద్ద అధికారులేమీ కాదు. నెలకోసారో రెండుసార్లో సాయంత్రం పూట టౌన్‌హాల్లో కూర్చునే ఐదుగురు, ఏడుగురు, లేదా తొమ్మిదిమంది ఊరివాళ్లు. చాలాచోట్ల వాళ్లకు జీతం లేదు. ఒకరు ఆర్కిటెక్టు, ఒకరు రియల్ ఎస్టేట్ వ్యాపారం చేసేవారు, మరొకరు బడిలో చరిత్ర చెప్పి రిటైరైన టీచరు అయి ఉంటారు. వాళ్లు కాదంటే కిటికీ మారదు.

దేశానికి లేని అధికారం ఊరికి ఎక్కడిది? ఈ ఒక్క ముడి విప్పితే మిగతావి చాలావరకు వదులవుతాయి.

ఎవరి స్థలంలో ఏం కట్టుకోవచ్చో చెప్పే అధికారం అమెరికాలో రాష్ట్రాలది. ప్రజల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం కోసం నిబంధనలు పెట్టే ఈ అధికారాన్ని అక్కడి న్యాయ పరిభాషలో పోలీస్ పవర్ అంటారు. పేరే గానీ పోలీసులకు దీనితో పని లేదు. రాష్ట్రాలు చట్టాలు చేసి ఈ అధికారాన్ని ఊళ్లకు అప్పగించాయి. ఇళ్ల మధ్య ఫ్యాక్టరీ పెట్టకూడదని, రోడ్డుకు ఇన్ని అడుగులు వదిలి కట్టాలని చెప్పే జోనింగ్ నిబంధనలు అలా వచ్చినవే. వారసత్వ కమిషన్ కూడా ఆ వేరు నుంచి పుట్టిన కొమ్మే. ఊరి పాలకమండలి ఒక ఆర్డినెన్స్ (ఊరి స్థాయి చట్టం) చేసి, కొన్ని కట్టడాలనో మొత్తం ఒక పేటనో గుర్తించి, వాటి పైరూపు మార్చాలంటే ముందుగా కమిషన్ అనుమతి తీసుకోవాలని శాసిస్తుంది. దీని వెనక ఉన్న బలమంతా ఆ ఆర్డినెన్స్‌దే.

ఫెడరల్ చట్టం దారి వేరు. 1966 అక్టోబర్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం జాతీయ రిజిస్టర్‌ను విస్తరించింది. ఆ చట్టంలో 106వ సెక్షన్ ఫెడరల్ సంస్థలకు ఒక షరతు పెట్టింది. హైవే వేసినా, ఆనకట్ట కట్టినా, చారిత్రక స్థలాల మీద దాని ప్రభావం ఎలా ఉంటుందో ముందే పరిశీలించాలి, సంబంధించినవాళ్ల మాట వినాలి. విన్నాక కూల్చకుండా ఆగి తీరాలని మాత్రం ఆ సెక్షన్‌లో లేదు.

కొనడం నుంచి శాసించడం దాకా

పాత ఇంటిని కాపాడాలంటే ఒకప్పుడు ఒకటే మార్గం, కొనడం. జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ శిథిలమవుతుంటే దక్షిణ కరోలినాకు చెందిన ఆన్ పమేలా కనింగ్‌హామ్ 1853లో మహిళలతో ఒక సంఘం స్థాపించారు. దేశమంతా చందాలు వసూలు చేసి 1858లో 2 లక్షల డాలర్లకు ఆ ఇంటిని కొనే ఒప్పందం చేసుకున్నారు. ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు. ఒక ఇంటికి ఈ పద్ధతి పనికొస్తుంది. ఊరినంతా ఎవరు కొంటారు?

ఆ ప్రశ్న దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నగరానికి ఎదురైంది. 1920లలో అక్కడి పాత ఇళ్లను రెండు చీడలు పట్టాయి. ఒకటి మ్యూజియాలు, ధనవంతులైన సేకర్తలు. గోడలకు తాపిన చెక్క పలకలు, అగ్గిగూటి చుట్టూ చెక్కిన నగిషీలు, ఇనుప కటకటాలు ఊడదీయించుకుని పట్టుకుపోయేవారు. కళను ప్రేమించేవాళ్లే ఇళ్ల కడుపు ఖాళీ చేశారన్నమాట. రెండోది మోటారు కారు. పెట్రోలు బంకులకు మూలమలుపు స్థలాలు కావాల్సి వచ్చి పాత భవనాలు కూలాయి. జోసెఫ్ మానిగాల్ట్ ఇంటిని దక్కించుకోవడానికి 1920లో సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ తదితరులు ఒక సంఘం పెట్టారు. ఇల్లు దక్కింది గానీ, ఒక్కో ఇంటికీ ఇలా చందాలు ఎత్తడం అయ్యే పని కాదని తేలిపోయింది. 1931లో నగరం అమెరికాలోనే మొదటిసారిగా ఒక చారిత్రక పేటకు హద్దులు గీసి, అక్కడి కట్టడాల పైరూపును పరిశీలించే బోర్డును నియమించింది. మొదట్లో ఆ బోర్డుకు కూల్చివేతను ఆపే శక్తి లేదు. అది తర్వాతి దశాబ్దాల్లో చట్టాన్ని సవరిస్తూ పోగా వచ్చింది.

న్యూ ఆర్లియన్స్‌లోని ఫ్రెంచ్ క్వార్టర్ కోసం లూసియానా 1936లో ఏకంగా రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించింది. అలా ఏర్పడిన వ్యూ కారే (ఫ్రెంచ్ క్వార్టర్‌కే మరో పేరు) కమిషన్ ఎదుర్కొన్న తొలి పెద్ద కేసు నాకు చాలా ఇష్టం. ఆ పేటలో ఒక పెట్రోలు బంకు యజమాని పెద్ద బోర్డు పెట్టాడు. పేటలో అంత పెద్ద బోర్డు కుదరదని నగరం కేసు పెట్టింది. ఆయన వాదన వినడానికి సబబుగానే ఉంది. నాది కొత్త కట్టడం, దానికి చరిత్రా లేదు, కళా లేదు, మీ చట్టం పాత భవనాల కోసం కదా, నన్నెందుకు పట్టుకుంటారు? 1941లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. చట్టం కాపాడుతున్నది పాత భవనాలను ఒక్కొక్కటిగా కాదు, పేట మొత్తం కలిసి చూపే రూపాన్ని అని తేల్చింది. పూసలన్నీ మేలిమివి కాకపోయినా దండ దండే. చారిత్రక పేటలో మీ ఇల్లు నిన్న కట్టిందే అయినా కమిషన్ మీ గేటు గురించి ఎందుకు అడుగుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కనెక్టికట్‌లోని నార్విచ్ కేసులో ఈ తర్కం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఊరి మధ్య పచ్చిక మైదానానికి ఎదురుగా ఒక పాత భవనం. విడిగా చూస్తే దాని గొప్పతనం అంతంతమాత్రమే. యజమానులు కూల్చేస్తామన్నారు. కమిషన్ వద్దంది. కారణం ఏమిటంటే, ఆ భవనం వెనక దుకాణాల ప్రాంతం ఉంది. భవనం పోతే ఆ దుకాణాలు నేరుగా మైదానం మీదికి కనబడతాయి. అంటే అది తెరలా పనిచేస్తోంది. 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు కమిషన్‌నే సమర్థించింది. ఈ తీర్పు చదివినప్పుడల్లా యజమానుల మీద కాస్త జాలి కలుగుతుంది. తమ ఇంటి విలువ అది కనిపించడంలో కాక ఇంకొకదాన్ని కనబడనీయకపోవడంలో ఉందని వినడం ఎవరికైనా కష్టమే.

ఔచిత్యం అనే పత్రం

కమిషన్ ఇచ్చే అనుమతిని సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్ అంటారు. తెలుగులో ఔచిత్య పత్రం అనుకోవచ్చు. మన ఆలంకారికులు ఔచిత్యాన్ని వివరించడానికి మొలనూలు మెడలో, హారం నడుముకు వేసుకున్నవాళ్లను ఉదాహరణగా చూపేవారు. నగ మంచిదే, చోటు తప్పు. కమిషన్ అడిగే ప్రశ్న కూడా అచ్చంగా అదే. మీ కొత్త కిటికీ బాగుందా లేదా అన్నది కాదు, ఈ ఇంటికి, ఈ వీధిలో తగిందా లేదా అన్నదే లెక్క. దరఖాస్తుదారులు చాలామంది ఇక్కడే పొరబడి, తాము తెచ్చిన సామాను ఎంత ఖరీదైనదో చెబుతూ కూర్చుంటారు.

కిటికీ గోలేమిటో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే కమిషన్లకు, ఇంటివాళ్లకు మధ్య తగువుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. 19వ శతాబ్దపు ఇంటికి పైకీ కిందికీ జరిగే రెండు రెక్కల కిటికీ ఉంటుంది. ఒక్కో రెక్కలో ఆరేసి చిన్న అద్దాలు, వాటి మధ్య సన్నటి చెక్క పట్టీలు. చట్రం లోపల కనబడకుండా ఇనుప బరువులు వేలాడుతుంటాయి. తాడు గిలక మీదుగా వచ్చి రెక్కను పట్టుకుంటుంది. అందుకే చిన్నపిల్లలు కూడా వేలితో ఎత్తగలరు. ఆ చెక్క నెమ్మదిగా ఎదిగిన పాత అడవుల కలప, వలయాలు దగ్గరదగ్గరగా ఉండి గట్టిగా ఉంటుంది. అద్దం ఊది చేసినది కావడంతో అందులో చిన్న అలలు ఉంటాయి. ఎదుటి చెట్టు ప్రతిబింబం వంకర్లు తిరుగుతుంది.

దాని స్థానంలో వినైల్ కిటికీ పెట్టారనుకోండి. ప్లాస్టిక్ చట్రం లావు, కాబట్టి అద్దం చిన్నదవుతుంది. చెక్క పట్టీలకు బదులు రెండు అద్దాల మధ్య ఇరికించిన తెల్లటి పట్టీలు వస్తాయి. వాటికి నీడ పడదు. వీధిలోంచి చూస్తే పాత కిటికీకి ఉన్న లోతు పోయి, గోడ మీద అతికించిన కాగితంలా ఉంటుంది. ఇంటివాళ్ల వాదన చలి గురించి, కరెంటు బిల్లు గురించి. అది ఉత్తుత్తి వాదన కాదు. దానికి కమిషన్ చెప్పే జవాబు కూడా ఉత్తుత్తిది కాదు. పాత రెక్కకు తాడు మార్చి, పుట్టీ కొత్తగా వేసి, సందులు మూసి, బయట అదనంగా ఒక స్టార్మ్ విండో (చలిగాలిని ఆపే రెండో కిటికీ) బిగిస్తే చలి చాలావరకు ఆగుతుంది. పాత కిటికీలో ఏ ముక్క పాడైతే ఆ ముక్క మార్చుకోవచ్చు. జంట అద్దాల కిటికీకి అంచు సీలు ఊడి లోపల పొగమంచు పట్టిందంటే ఆ అద్దాల జతనే తీసి పారేయాలి.

ఇటుక గోడ సంగతి ఇంతకంటే చిత్రంగా ఉంటుంది. పాత ఇటుకలు మెత్తన. వాటి మధ్య వేసింది సున్నపు గచ్చు, అది ఇంకా మెత్తన. గోడలోకి దిగిన తేమ ఆ గచ్చు గుండా బయటికి ఆరిపోతుంది. కాలక్రమంలో గచ్చు రాలుతుంది, మళ్లీ నింపుతారు. ఇటుక కోసం గచ్చు తనను తాను అరగదీసుకుంటుందన్నమాట. ఈ కిటుకు తెలియని మేస్త్రీ గట్టిగా ఉంటుందని సిమెంటు దట్టిస్తాడు. ఇప్పుడు తేమకు సందు లేక ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది. చలికాలంలో ఆ తేమ గడ్డకట్టి ఉబ్బితే ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపడుతుంది. అంటే గట్టిదనం కోసం చేసిన మరమ్మతే గోడను తినేస్తుంది. కమిషన్ సిబ్బంది సున్నం పాళ్ల గురించి అంత పట్టుబట్టడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఈ ఒక్క విషయంలో నేను కళ్లు మూసుకుని వాళ్ల పక్షమే.

ఈ నిర్ణయాలకు కొలబద్ద ఉంది. అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ పునరుద్ధరణ పనులకు 10 ప్రమాణాలు రూపొందించింది. చాలా కమిషన్లు వాటినే ఆధారం చేసుకుని తమ ఊరికి తగిన మార్గదర్శకాలు రాసుకున్నాయి. పాడైనదాన్ని వీలైనంతవరకు బాగుచేయాలి, తప్పనిసరైతేనే మార్చాలి అన్నది వాటి సారం. బయట పెద్దగా తెలియని నియమం ఒకటుంది. కొత్తగా గది కలిపితే అది పాతదానితో ఇమడాలి, కానీ పాతదానిలా నటించకూడదు. చూసినవాడికి ఏది 1880 నాటిదో, ఏది మొన్నటిదో తెలియాలి. కమిషన్ అంటే అన్నీ పాతకాలపు నకళ్లు కట్టమంటుందనే అపోహకు ఇది పూర్తిగా వ్యతిరేకం. లేని చరిత్రను అంటగట్టే అలంకారాలను ఆ ప్రమాణాలు ఒప్పుకోవు.

రంగుల విషయం అడుగుతారు కాబట్టి చెప్పాలి. చాలా ఊళ్లలో పెయింటు రంగు జోలికి కమిషన్ వెళ్లదు. కొన్నిచోట్ల వెళుతుంది. ఇంటి వెనకవైపు, వీధికి కనబడని మార్పులకు తరచుగా సిబ్బంది స్థాయిలోనే అనుమతి దొరుకుతుంది. సోలార్ పలకల తగాదా కూడా ఎక్కువగా ఇక్కడే తెగుతుంది. వెనక వాలు మీద పెట్టుకుంటామంటే పేచీ తక్కువ, ముందు వాలు మీద అంటే విచారణ.

విచారణ కూడా మామూలు సమావేశం కాదు. చట్టం దృష్టిలో అది సగం కోర్టు. సభ్యులు దరఖాస్తుదారుతో బయట మంతనాలు జరపకూడదు, సాక్ష్యం రికార్డులోకి రావాలి, నిర్ణయానికి కారణాలు రాయాలి. నాకు నచ్చలేదు అన్నది కారణం కాదు. అలా రాస్తే అప్పీలులో నిలవదు. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి మాట్లాడవచ్చు. మాట్లాడతారు కూడా, చాలాసార్లు ఇంటి రూపం కంటే పాత పార్కింగ్ గొడవల గురించే.

నా ఆస్తి మీద మీ పెత్తనమా?

ఈ ప్రశ్నకు దేశవ్యాప్తంగా జవాబు వచ్చింది ఇంటి కేసులో కాదు, రైల్వే స్టేషన్ కేసులో. న్యూయార్క్‌లో 1910లో తెరిచిన పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963 అక్టోబర్‌లో కూల్చడం మొదలుపెట్టారు. నగరం నిస్సహాయంగా చూస్తూ ఉండిపోయింది. ఆ కడుపుమంటకు కొంత ఫలితం దక్కింది. 1965 ఏప్రిల్‌లో మేయర్ రాబర్ట్ వాగ్నర్ చారిత్రక కట్టడాలను కాపాడే ల్యాండ్‌మార్క్స్ చట్టం మీద సంతకం చేశారు. 11 మంది సభ్యుల కమిషన్ ఏర్పడింది. అందులో కనీసం ముగ్గురు ఆర్కిటెక్టులు, ఒక చరిత్రకారుడు ఉండాలి. నగరంలోని ఐదు బరోల్లో (పాలనా విభాగాల్లో) ప్రతిదాని నుంచీ కనీసం ఒకరు ఉండాలి. రియల్ ఎస్టేట్ వ్యాపారికి కూడా ఒక కుర్చీ వేశారు. అది తెలివైన పని. కమిషన్ లోపలే ఎదుటి పక్షం గొంతు వినబడుతుంది.

1967లో ఆ కమిషన్ గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్‌ను గుర్తించింది. మరుసటి ఏడాదే దాని నెత్తిమీద 50 అంతస్తులు దాటే ఆకాశహర్మ్యం కట్టడానికి స్టేషన్ యజమాని పెన్ సెంట్రల్ కంపెనీ ప్లాను తెచ్చింది. గీసింది పేరున్న ఆర్కిటెక్టు మార్సెల్ బ్రాయర్. కమిషన్ తిరస్కరించింది. పరిహారం లేకుండా ఆస్తి లాక్కోవడమే ఇది అంటూ కంపెనీ కోర్టుకెక్కింది. 1978 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో నగరం వైపు తీర్పు చెప్పింది. జస్టిస్ బ్రెన్నన్ రాసిన ఆ తీర్పు సారాంశం ఇది: స్టేషన్‌ను స్టేషన్‌గా నడుపుకుంటూ సమంజసమైన రాబడి పొందే వీలు కంపెనీకి ఇంకా ఉంది, పైన కట్టుకోలేకపోయిన హక్కును దగ్గరలోని వేరే స్థలాలకు బదిలీ చేసుకునే వెసులుబాటు ఉంది, కాబట్టి ఇది లాక్కోవడం కిందికి రాదు. మీ ఆస్తి నుంచి గరిష్ఠ లాభం పొందడం మీ రాజ్యాంగ హక్కు కాదన్నమాట. జస్టిస్ రెన్‌క్విస్ట్ భిన్నాభిప్రాయం కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఊరందరికీ దక్కే మేలు ఖర్చును కొద్దిమంది యజమానుల నెత్తిన ఎందుకు రుద్దాలన్నది ఆయన ప్రశ్న. అది ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

ఆ ప్రశ్న కోసమే చాలా ఆర్డినెన్స్‌లలో ఆర్థిక కష్టం అనే తలుపు ఒకటి తెరిచి పెట్టారు. కమిషన్ చెప్పినట్టు చేస్తే ఆస్తికి ఏ సమంజసమైన ఉపయోగమూ మిగలదని యజమాని లెక్కలతో నిరూపిస్తే మినహాయింపు ఇవ్వాలి. కొన్న ధర, మరమ్మతు అంచనాలు, అద్దెల వివరాలు అన్నీ బల్ల మీద పెట్టాలి. ఖర్చు ఎక్కువ అనడం చాలదు.

ఈ తలుపును దొడ్డిదారిన తోసుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. కప్పు కారుతున్నా బాగుచేయించరు, కిటికీలు బిగించరు, ఏళ్ల తరబడి వానకు వదిలేస్తారు. చివరికి ఇల్లు ప్రమాదకరంగా ఉంది, కూల్చక తప్పదంటూ వస్తారు. దీన్ని నిర్లక్ష్యంతో కూల్చడం అంటారు. కనీస మరమ్మతులు చేసి తీరాలనే నిబంధనలు ఇందుకే వచ్చాయి. న్యూ ఆర్లియన్స్‌లో అలాంటి నిబంధన చెల్లుతుందని 1975లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. కాగితం మీద బాగానే ఉంది. సిబ్బంది ఒకరిద్దరే ఉన్న చిన్న ఊళ్లలో దీన్ని అమలు చేయడం కంటే బుల్డోజరును ఆపడమే సులువు. బుల్డోజరు చప్పుడు చేస్తుంది. కప్పు కారడం ఎవరికీ వినబడదు.

నిద్ర లేచేది ఎప్పుడు?

కమిషన్ పనిలో అన్నింటికంటే ముఖ్యమైనది, అన్నింటికంటే విసుగు పుట్టించేది సర్వే. వీధి వీధి తిరిగి ప్రతి కట్టడాన్నీ ఫొటో తీసి, ఎప్పటిదో, ఏమేం మారిందో నమోదు చేయాలి. పేట స్వభావానికి తోడ్పడేవి ఏవి, కానివి ఏవి అని విడదీయాలి. లాస్ ఏంజెలెస్ 2010 నుంచి 2017 దాకా 8 లక్షల 80 వేలకు పైగా స్థలాల మీద ఇలాంటి సర్వే జరిపించింది. ఇంత చేసినా ఆఖరి నిమిషం పరుగులు తప్పలేదు. మార్లిన్ మన్రో 1962లో కొనుక్కుని ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూసిన ఇంటికి 2023లో కొత్త యజమానులు కూల్చివేత అనుమతి తీసుకున్నారు. వార్త పొక్కాక గొడవ మొదలైంది. 2024 జూన్‌లో నగర కౌన్సిల్ దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. యజమానులు కోర్టుకు వెళ్లారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. దశాబ్దాలపాటు ఊరుకుని, ఎవరో డబ్బు పెట్టి కొని అనుమతి తెచ్చుకున్నాక తలుపు తట్టడం పరిరక్షణకే చెడ్డపేరు తెస్తుంది. ఓరెగన్‌లో యజమాని ఒప్పుకోకపోతే స్థానికంగా గుర్తించడమే కుదరని చట్టం 1995లో వచ్చింది. ఆ చట్టం నాకు నచ్చదు, కానీ దాని వెనక ఉన్న చిరాకు ఎక్కడ పుడుతుందో తెలుసు.

సర్వేలకు డబ్బు ఎక్కడిదంటే, ఇక్కడ ఫెడరల్ ప్రభుత్వం మళ్లీ రంగంలోకి వస్తుంది. 1966 నాటి చట్టానికి 1980లో చేసిన సవరణ ప్రకారం సరైన ఆర్డినెన్స్, అర్హతలున్న కమిషన్ ఉన్న ఊళ్లకు గుర్తింపు ఇస్తారు. రాష్ట్రానికి అందే పరిరక్షణ నిధిలో కనీసం 10 శాతం వాటికే పోవాలి. ఇలాంటి ఊళ్లు 2,000 దాటాయి. ఇంట్లో కాపురం ఉండేవాళ్లకు మాత్రం ఫెడరల్ పన్ను రాయితీ లేదు. ఆ 20 శాతం రాయితీ అద్దెకిచ్చే, వ్యాపారానికి వాడే చారిత్రక భవనాలకే. కొన్ని రాష్ట్రాలు సొంతింటివాళ్లకు కొంత సాయం చేస్తాయి. లేనిచోట పలకరాయి కప్పు ఖర్చు మొత్తం ఇంటివాళ్లదే.

గొప్ప ఇళ్లు, మామూలు ఇళ్లు

చార్ల్‌స్టన్ కథలో నేను దాటేసిన ముక్క ఒకటుంది. ఫ్రాస్ట్ లాంటివాళ్లు బాగుచేసిన పాత వీధుల్లో అప్పటికి అద్దెకు ఉంటున్నవాళ్లలో చాలామంది నల్లజాతి పేదలు. ఇళ్లు బాగుపడ్డాయి, వాళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. గోడలు మిగిలి, ఆ గోడల మధ్య బతికినవాళ్లు మాయమైతే కాపాడింది దేన్ని? ఇప్పటికీ చారిత్రక పేటగా ప్రకటించగానే ధరలు పెరుగుతాయని, కొత్త ఇళ్లు కట్టనివ్వక కొరత పెంచుతున్నారని విమర్శ ఉంది. కొన్ని సంపన్న పేటల్లో కమిషన్‌ను అపార్ట్‌మెంట్లు రాకుండా అడ్డుగోడలా వాడుకుంటారనేది కాదనలేని మాట. కమిషన్‌కు అద్దెలు నియంత్రించే అధికారం లేదు, ఎవరు ఉండాలో చెప్పే అధికారమూ లేదు. ఆ పని వేరే చట్టాలు చేయాలి. చేయకపోతే నింద మాత్రం కమిషన్ మీదికి వస్తుంది, కొంత న్యాయంగానే.

సముదాయాల వారసత్వం దగ్గర అసలు చిక్కు మరొకటి. నియమాలు రాసింది వాస్తుశిల్పం చూసేవాళ్లు. చరిత్ర జరిగింది తరచుగా ఏ శిల్పమూ లేని ఇళ్లలో. చికాగో దక్షిణ భాగంలో 1895లో కట్టిన రెండంతస్తుల ఇటుక ఇల్లు ఒకటుంది. అలాంటివి ఆ నగరంలో వేలు. 1955 ఆగస్టులో 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్ ఆ ఇంటి నుంచే మిసిసిపీలోని బంధువుల దగ్గరికి బయలుదేరాడు. అక్కడ తెల్లజాతివాళ్లు అతన్ని చంపేశారు. తల్లి మేమీ ఆ శవపేటికను మూయనివ్వకుండా లోకానికి చూపించింది. పౌరహక్కుల ఉద్యమాన్ని రగిల్చిన ఘట్టాల్లో అదొకటి. ఆ ఇంటికి నగర గుర్తింపు దక్కింది 2021 జనవరిలో. 65 ఏళ్లు ఎందుకు పట్టిందంటే, ఇంటిని చూస్తే చెప్పుకోవడానికి ఏమీ కనబడదు మరి.

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ ప్రాంతంలోని వీక్స్‌విల్ సంగతి ఇంకా విచిత్రం, అది కనబడనే లేదు. 1838లో జేమ్స్ వీక్స్ అనే నల్లజాతి వ్యక్తి అక్కడ స్థలం కొన్నాడు. చుట్టూ స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ల ఊరు ఏర్పడింది. తర్వాత నగరం దాన్ని మింగేసింది. 1968లో ఒక చరిత్రకారుడు పైలట్‌తో కలిసి చిన్న విమానంలో ఆ ప్రాంతం మీదుగా ఎగురుతూ చూస్తే, నేటి వీధుల గళ్లకు ఒదగకుండా ఓరగా నిలబడిన నాలుగు చెక్క ఇళ్లు కనిపించాయి. అవి వీధిని కాదు, ఎప్పుడో మాసిపోయిన హంటర్‌ఫ్లై రోడ్డు అనే పాత బాటను చూస్తూ ఉన్నాయి. 1970లో కమిషన్ వాటిని గుర్తించింది. బడిపిల్లలతో సహా స్థానికులు దాని కోసం గట్టిగా నిలబడ్డారు.

కమిషన్ చేయి ఎక్కడిదాకా చాస్తుందో తెలియాలంటే అదే నగరంలో క్వీన్స్‌కు వెళ్లాలి. కరోనా అనే పేటలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన భార్య లూసిల్ 1943 నుంచి ఉన్న ఇల్లు ఉంది. ప్రపంచం తిరిగిన సంగీతకారుడు 1971లో చనిపోయేదాకా ఆ మధ్యతరగతి వీధిలోనే ఉండిపోయాడు. కమిషన్ 1988లో ఆ ఇంటిని గుర్తించింది, అంటే బయటి రూపాన్ని. న్యూయార్క్ చట్టం 1973 నుంచి భవనాల లోపలి భాగాలను కూడా గుర్తించగలదు గానీ, జనం మామూలుగా వచ్చిపోయే చోట్లకే అది వర్తిస్తుంది. ఎవరి వంటగదిలోకీ కమిషన్ అడుగు పెట్టజాలదు. ఈ రోజు అక్కడికి వెళ్లినవాళ్లు చూసి ఆశ్చర్యపోయే నీలిరంగు వంటగది, నాలుగు వైపులా అద్దాలు తాపిన స్నానాల గది ఏ ఆర్డినెన్స్ వల్లా మిగలలేదు. 1983లో చనిపోయిన లూసిల్ ఇంటిని సామానుతో సహా నగరానికి రాసిచ్చి వెళ్లింది.